మా ఊరి బడి గోడ మీద "చరిత్ర, విలువలు, అందరికీ చదువు" అని రాయాలంట, ఏం రాయమంటారు?

కాలవగట్టు అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమలో ఒక లంక ఊరు. నేను ఐదో క్లాసు దాకా మా ఊరి మండల పరిషత్ ఎలిమెంటరీ స్కూల్లోనే చదివాను, ఇప్పుడు మా బాబు అక్కడే రెండో క్లాసు, నన్ను పేరెంట్స్ కమిటీలో కూడా వేశారు. మొన్న మీటింగ్‌లో హెచ్చెమ్ మేడం గారు, గేటు పక్క గోడకి కొత్తగా రంగు వేయించాం కదా, దాని మీద మన బడి చరిత్ర కొంచెం, మన విలువలు కొంచెం, ఎవరినీ వదలకుండా అందరికీ చదువు చెప్తాం అని కొంచెం రాయిద్దాం, నువ్వు డిగ్రీ చదివావు కదమ్మా నువ్వే రాసి పట్రా అన్నారు. సరేనండి అని వచ్చేశాను. పది రోజులైంది, ఒక్క లైను కూడా కదల్లేదు.

నెట్‌లో వెతికితే అన్ని స్కూళ్ళవీ ఒకేలా ఉన్నాయి, క్రమశిక్షణ, సమయపాలన, నిజాయితీ, పరిశుభ్రత అని. మంచి మాటలే, కాదనను, కానీ ఏ బడి గోడ మీద రాసినా సరిపోతాయి, మా బడి గురించి ఏమీ చెప్పవు.

చరిత్ర రాద్దామంటే వరండా స్తంభానికి ఒక శిలాఫలకం ఉందండి, దాని మీద ఎన్ని ఏళ్ళ సున్నం ఉందో, అక్షరాలన్నీ పూడుకుపోయాయి, వేలు పెట్టి తడిమితే "బోర్డు" అన్న ముక్క ఒక్కటే చేతికి తగులుతోంది. మా తాతయ్య దాన్ని బోర్డు స్కూలనేవారు, మా నాన్న ఇప్పటికీ సమితి స్కూలే అంటారు. స్కూల్ పేరు పక్కన "మెయిన్" అని ఉంటుంది. కాలవ అవతల పేటలో ఇంకో బడి ఉండేది, దాని పేరు పక్కన "హెచ్.డబ్ల్యు" అని ఉండేది, పిల్లలు తగ్గిపోయారని దాన్ని తీసుకొచ్చి మాదాంట్లో కలిపేశారు. దాని గురించి రాయాలా అని అడిగితే కమిటీలో ఒకాయన ఇప్పుడవన్నీ తవ్వడం ఎందుకమ్మా అన్నారు. మిగతావాళ్ళు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో సంగతి ఉంది, అసలు నన్ను రాయనివ్వనిది అదే. మా వీధిలో ఏడేళ్ళ బాబున్నాడు. పుట్టగానే ఏడవలేదంట, కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, మాట ముద్దముద్దగా వస్తుంది, కానీ వాడికి అన్నీ తెలుసండి. వాళ్ళ నాయనమ్మ రోజూ పొద్దున్న పని అయ్యాక వాడిని చంకనెత్తుకొచ్చి గేటు ఎదురుగా అరుగు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతుంటే వాడు ఇక్కడ పెదాలు కదుపుతాడు. రెండో ఎక్కం మొత్తం వచ్చు వాడికి, నేను పక్కన కూర్చుని విన్నాను. వాడి పేరు బడిలో లేదు. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనీ అనలేదు. నేను "అందరికీ" అని రాయాల్సిన గోడ సరిగ్గా ఆ అరుగుకి ఎదురుగానే ఉంది. చెయ్యి రావట్లేదండి నాకు. ఏం చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత పంతులు:

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు సెకండరీ గ్రేడ్ టీచరుగా, ఆఖర్న హెచ్చెమ్‌గా చేసి రిటైరయ్యాను. ఒక్క మాట. మీ బడి చరిత్ర శిలాఫలకం మీద లేదు, బీరువాలో ఉంది. అడ్మిషన్ రిజిస్టర్లు అడగండి. అవి శాశ్వత రికార్డు, పారేయడానికి వీల్లేదు, ఎంత పాత బడైనా అడుగు అరలో గుడ్డలో కట్టి ఉంటాయి. మేడం గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మధ్యాహ్నం నిదానంగా తిప్పండి.

ముందు ఆ "బోర్డు" సంగతి. మన సర్కారు జిల్లాల్లో పాత రోజుల్లో పల్లెటూరి బడులు తాలూకా బోర్డు కింద ఉండేవి, 1934లో తాలూకా బోర్డులు ఎత్తేసి జిల్లా బోర్డుకి ఇచ్చారు, 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి, మీ నాన్నగారి సమితి స్కూలు అదే, 1986-87లో మండలాలయ్యాక మండల పరిషత్ అయింది. కాబట్టి ఆ రాయి మీద తాలూకా బోర్డు అని ఉంటే 1934కి ముందుది, జిల్లా బోర్డు అని ఉంటే 1959 లోపుది. సున్నాన్ని గీకొద్దు, అక్షరం అంచులు పోతాయి, తడిగుడ్డ కప్పి ఒక పూట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దండి.

ఇక హెచ్.డబ్ల్యు. అంటే హరిజన వెల్ఫేర్. మద్రాసు ప్రభుత్వం రోజుల్లో లేబర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఎస్సీ పిల్లలకి విడిగా బడులు పెట్టారు, లేబర్ స్కూళ్ళనేవారు, తర్వాత అవి హరిజన సంక్షేమ శాఖ కిందకొచ్చాయి. విడిగా ఎందుకు పెట్టాల్సొచ్చింది అంటే, కాగితం మీద బోర్డు బడి అందరిదీ, కానీ చాలా ఊళ్ళల్లో ఆ బడి ఏ గుడి మండపంలోనో, ఏ పెద్దరైతు సావిట్లోనో నడిచేది, అక్కడికి పేట పిల్లల్ని రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని మీ ఊళ్ళో ఒకదానికి మెయిన్ అని, ఒకదానికి హెచ్.డబ్ల్యు అని వచ్చింది. ఆ రెండు మాటలే మీ ఊరి చరిత్రలో సగం. తవ్వడం ఎందుకన్నాయనకి నా మాటగా చెప్పండి, ఆ పేట బడిలో అ ఆలు దిద్దినవాళ్ళు ఇవాళ మీ ఊళ్ళోనే బతికున్నారు, వాళ్ళ బడి పేరు గోడ మీద లేకపోతే అది వాళ్ళ చిన్నతనాన్ని చెరిపేసినట్టే. రెండు బడులూ రాయండి.

రిజిస్టర్లో ఏం చూడాలో చెప్తాను. పేరు, తండ్రి పేరు, ఆయన వృత్తి, కులం, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆఖరి గడిలో "విడిచిన కారణం" అని ఉంటుంది. అందరూ మొదటి గడి చూస్తారు, మీరు ఆఖరి గడి చూడండి. నేను పనిచేసిన ఒక బడి రిజిస్టర్లో ఒక పేజీ నాకిప్పటికీ కళ్ళముందే ఉంది, నల్ల సిరా గోధుమరంగుకి తిరిగిపోయి, వరసగా ఆరుగురు ఆడపిల్లలు, మూడో క్లాసు, ఆఖరి గడిలో ముగ్గురికి "వివాహము", ఇద్దరికి "ఇంటి పని", ఆరో పిల్లకి ఏమీ రాయలేదు, ఖాళీ. మగపిల్లలకి "పశువుల కాపు" అని, కింద లైన్ల వాళ్ళకి పైదే పైదే అని రెండు చుక్కలు. ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు ఆడపిల్లల బడి పెట్టింది 1874లో, మీకు కూతవేటు దూరం, అయినా మీ ఊళ్ళో మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరిందో చూడండి, ఎన్నేళ్ళు పట్టిందో తెలుస్తుంది. పాత పేజీల్లో కులం దగ్గర "ఆది ఆంధ్ర" అని కనపడితే అది ఎస్సీ పిల్లలకి అప్పట్లో రాసేమాట. ఒక జాగ్రత్త, పేర్లూ కులాలూ గోడకెక్కించొద్దు, అవి వాళ్ళ సొంత వివరాలు. ఫలానా దశకంలో మొదటి ఆడపిల్లలు వచ్చారు, ఫలానా దశకంలో ఊరి పిల్లలూ పేట పిల్లలూ ఒక చాప మీద కూర్చున్నారు అంటే చాలు.

విలువల గురించి నాకు తెలిసింది ఒక్కటే చెప్తా. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది, 2004లో సుప్రీంకోర్టు వంటవాళ్ళ పోస్టుల్లో ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. నేనున్న ఊళ్ళో పేట నుంచి ఒకావిడ్ని వంటకి తీసుకుంటే మర్నాటి నుంచి కొంతమంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తేవడం మొదలుపెట్టారు. నేనూ మా అసిస్టెంటూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, రోజూ పిల్లల వరసలో పళ్ళెం పట్టుకుని కూర్చున్నాం, ఆవిడ చేతి పప్పుచారు తాగాం. నాలుగు నెలలు పట్టింది ఆఖరి క్యారేజీ ఆగడానికి. మీ ప్రాంతంలో అడిగినవాడికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే ఇప్పుడు బడి భోజనానికి పెట్టారు, గోడ మీద విలువ అని రాయాలంటే వరసలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో చూసి రాయమ్మా.

గోడరాతల శీను:

అక్కా నేను స్కూళ్ళ గోడల మీద బొమ్మలూ అక్షరాలూ రాసే పెయింటర్ని, పదిహేనేళ్ళు అయ్యింది, ఎన్ని మండలాలు తిరిగానో. మూడు పేరాలు అంటే వద్దక్కా. ఎవరూ చదవరు. పెద్దపెద్ద పేరాలు రాయిస్తారు, నేను రాస్తాను, మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారొచ్చిన రోజు ఫోటో తీసుకుంటారు, తర్వాత దాని ముందు సైకిళ్ళు పెడతారు. మొత్తం కలిపి నలభై యాభై మాటలు మించనీకండి. అక్షరం కనీసం నాలుగంగుళాలు ఉండాలి, వత్తులు కింద లైనుకి తగలకుండా లైనుకీ లైనుకీ బాగా జాగా వదలాలి, లేకపోతే రెండో క్లాసు పిల్లోడు ఏ వత్తు ఏ అక్షరానిదో తెలీక వదిలేస్తాడు. ఇంకా ముఖ్యం ఎత్తు. అందరూ పెద్దాళ్ళ కంటికి రాయిస్తారు. పిల్లల కంటి ఎత్తు మూడడుగులు, మూడున్నర. ఆ బాబు కూర్చుని చూస్తాడంటున్నారు కదా, అయితే రెండున్నర అడుగుల నుంచి మొదలెట్టించండి. లేత పసుపు మీద ముదురు నీలం ఎండలో కూడా కనపడుతుంది, ఎరుపు మీద ఆకుపచ్చ అసలొద్దు, కొంతమందికి ఆ రెండూ ఒకటే రంగులా ఉంటాయి.

భవిత టీచరు:

అక్కా, నేను మండల భవిత సెంటర్‌లో ఐఈఆర్‌టీగా చేస్తున్నాను, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న టీచర్ని. గోడ సంగతి తర్వాత, ముందు బాబు సంగతి మాట్లాడుకుందాం. రేపే చేర్పించొచ్చు. నిజంగా రేపే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలెవర్నీ కాదనకూడదు, బర్త్ సర్టిఫికెట్ లేదని, టీసీ లేదని, మధ్యలో వచ్చాడని ఆపకూడదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అంతకుముందు 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే దీంట్లో 21 ఉన్నాయి, సెరిబ్రల్ పాల్సీ పేరు పెట్టి ఉంది, మీరు చెప్పిన లక్షణాలు దానివే అనిపిస్తున్నాయి, డాక్టరు చూసి చెప్పాలి. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్ళ దాకా ఉచితంగా చదువు, ఊళ్ళో బడా స్పెషల్ స్కూలా అన్నది పిల్లాడి ఇష్టం, ఇంట్లోవాళ్ళ ఇష్టం, మనది కాదు. సర్టిఫికెట్ లేకుండా చేర్చుకోరేమో అని చాలామంది తల్లులు భయపడి ఆగిపోతారు, బడిలో చేరడానికి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ఇచ్చే కాగితం, అక్కర్లేదు, అది పెన్షన్‌కి, పరికరాలకి కావాలి, చేరాక నిదానంగా తీసుకోవచ్చు. ఇంకోటి, ఏడేళ్ళు కాబట్టి వయసుకి తగ్గ క్లాసులోనే, అంటే మీ బాబు క్లాసులోనే కూర్చోబెట్టాలి, ఒకటిలో చిన్నపిల్లల మధ్య వేయకండి.

ఇప్పుడు చేరాక ఏంటి అన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే పేరు రాసుకుని మూల కూర్చోబెడితే అది చేర్చుకోవడం కాదు. కూర్చోవడం ముందు చూడాలి. అలాంటి పిల్లల్ని మామూలు కుర్చీలో వేస్తే జారిపోతారు, కాళ్ళు గాల్లో వేలాడితే ఒళ్ళంతా ఇంకా బిగుసుకుంటుంది, నడుం వెనక్కి ఆనాలి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే కాళ్ళ కింద రెండు ఇటుకలు పెట్టి దానిమీద గోనెపట్టా వేయండి, ఒక చున్నీతో నడుం దగ్గర వదులుగా కట్టండి. అంతే, చేతులు కొంచెం వదులై పలక వైపు వస్తాయి. అన్నం పెట్టేటప్పుడు తల వెనక్కి వాల్చి పెట్టకూడదు, పొలమారుతుంది, నిటారుగా కూర్చోబెట్టి మెత్తగా కలిపి చిన్న ముద్దలు, మింగాకే ఇంకోటి. ఫిట్స్ వస్తాయా, మందులు వాడుతున్నారా అని నాయనమ్మని అడిగి టీచర్ దగ్గర రాసిపెట్టండి. రాయలేకపోతే నోటితో చెప్పించుకోవడమే పరీక్ష.

మండలానికి భవిత సెంటర్ ఉంటుంది, ఫిజియోథెరపిస్ట్ వచ్చే రోజులుంటాయి, ఆ రోజు తీసుకెళ్తే కాళ్ళకి ఎక్సర్‌సైజులు నేర్పుతారు, పరికరాల కోసం అలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ క్యాంపులు జరుగుతాయి, వీల్ ఛైర్, సీపీ ఛైర్ అక్కడ కొలతలు తీసుకుని ఇస్తారు. మీ మండలం ఐఈఆర్‌టీకి హెచ్చెమ్ మేడం ఒక ఫోన్ చేస్తే బడికే వస్తారు, అది మా డ్యూటీ.

ఒక్క విన్నపం, టీచర్లతో పాటు పిల్లలకీ చెప్పండి, వాడిని పేరుతోనే పిలవాలి. కుంటోడా, చేతకానోడా అన్న మాట ఒకసారి బడిలో అలవాటైతే ఐదో క్లాసు దాకా అదే పేరైపోతుంది.

పాలమూరు పోరడు:

అక్కా మాది మహబూబ్‌నగర్ దిక్కు, మీ ముచ్చట సదివి ఆగలేకపోయిన. మా ఊరి బడి నిజాం జమానలది, పాత రిజిస్టర్ మొత్తం ఉర్దూల ఉంటది, మా తాత దాన్ని తహతానియా బడి, అంటే చిన్న తరగతుల బడి, అనెటోడు, ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ, ఇంట్ల మాట్లాడిన మాట బడిల పనికిరాకపోయేది. మేము బడి చరిత్ర రాద్దామని మజీదుల పెద్దాయనను పిలుచుకొచ్చి సదివిచ్చినం. తేదీలన్నీ ఫస్లీల, అంటే నిజాం కాలపు సాలు లెక్కల ఉండె, దానికి నెలను బట్టి 590 లేకుంటే 591 కలుపుకోవాలె, 1350 అని ఉంటే మన 1940-41. ఖుర్దాద్, తీర్ అని నెలల పేర్లు. తెలంగాణోళ్ళు ఎవలన్న ఈ పని జేస్తే యాదికి పెట్టుకోండ్రి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. మా బడికి తండా నుంచి పిల్లలొస్తరు, ఇంట్ల లంబాడీ మాట్లాడుతరు. నేను రెండో తరగతిల ఉన్నప్పుడు ఒక పిల్ల కొత్తగ చేరింది, దినాల తరబడి నోరు తెరవలే, అందరం దానికి మాటలు రావనుకున్నం. ఒకరోజు సారు అమ్మ బొమ్మ చూపిచ్చి ఇదేంది అంటే సన్నగ "యాడి" అన్నది. క్లాసంత నవ్వినం. సారు నవ్వలే. బోర్డు మీద "అమ్మ" అని రాసి, కింద అంతే పెద్దగ "యాడి" అని రాసిండు, మా అందరితోని రెండు మాటలు పది పది సార్లు రాయిచ్చిండు. ఆ పిల్ల ఆ దినం నుంచి మాట్లాడుడు మొదలువెట్టింది, ఇయ్యాల ఏఎన్ఎం నర్సు అయ్యింది. మా బడి గోడ మీద గా రెండు మాటలు పక్కపక్కకు రాసినా సాలు, విలువలంటే ఇంక ఏం రాయనక్కరలేదు అనిపిస్తది నాకైతే.

సీతంపేట సారు:

పై తమ్ముడు చెప్పింది వంద శాతం నిజం. నేను సవర గిరిజనుల గూడల్లో పనిచేశాను, ఇదే అనుభవం. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాషకి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి గుర్తుపెట్టుకుంటాం గానీ, ఆయన అంతకన్నా ముందు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి. ఆ తర్వాత చాలా కాలానికి, 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో సవర, కోయ, గోండి, లంబాడీ లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. ఆ పుస్తకం చేతికిచ్చిన రోజు ఒక పిల్లాడు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ ముసలమ్మకి చదివి వినిపించాడు, ఆవిడ మర్నాడు బడికొచ్చి మా పిల్లోడు మా మాటే చదువుతున్నాడు అని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. మీ కమిటీలో పేట నుంచి ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోండి అమ్మా. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్ళు ఉండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ దామాషా ప్రకారం చోటుండాలి. ఎవరి చరిత్ర రాస్తున్నామో వాళ్ళు ఆ మీటింగ్‌లో లేకపోతే, మిగతావాళ్ళు మాట్లాడకుండా ఊరుకుంటారు.

చిన్ను వాళ్ళమ్మ:

మా పాపకి వినికిడి లేదండి, మెషిన్ పెట్టుకుంటుంది. ముందు టౌన్‌లో ఒక ప్రైవేట్ స్కూల్లో వేశాం, ఏడాది ఫీజు కట్టించుకుని, రెండో టర్మ్‌లో పిలిచి మిగతా పిల్లల చదువు దెబ్బతింటోంది, స్పెషల్ స్కూల్ చూసుకోండి అన్నారు. ఆ రోజు బస్సులో నేనూ మా ఆయనా ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఊరొచ్చి మా ఎలిమెంటరీ స్కూల్లో చేర్చాం. టీచరు గారు పెద్ద ట్రైనింగ్ ఏమీ తీసుకోలేదండి, రెండే రెండు పనులు చేశారు. బోర్డు మీద రాస్తూ మాట్లాడటం మానేశారు, రాసి, తిరిగి, పాప వైపు మొహం పెట్టి చెప్తారు, ఎందుకంటే పాప పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. రెండోది, ఫ్యాను శబ్దం మెషిన్‌లో గుయ్యిమంటుందని పాపని కిటికీ పక్కకి మార్చారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నీళ్ళకి, బాత్రూంకి, బెల్లుకి, "నీ వంతు" అనడానికి సైగలు పెట్టుకున్నారు, ఇప్పుడు పాప లేకపోయినా దూరం నుంచి వాటితోనే మాట్లాడుకుంటారంట. ఆ బాబుని చేర్చండి సిస్టర్. భయపడకండి. మొదటి నెల ఏడుపొస్తుంది, మీకు కాదు, వాళ్ళ నాయనమ్మకి. ఆవిడ పక్కన మీరుండండి.

కాలవగట్టు అమ్మాయి (మూడు వారాల తర్వాత):

ఆలస్యానికి ఏమనుకోకండి, పని అయ్యాకే రాద్దామని ఆగాను.

పంతులు గారు చెప్పినట్టు రాయికి తడిగుడ్డ కప్పాం. మధ్యాహ్నానికి సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది, "తాలూకా బోర్డు" అని చక్కగా కనపడిందండి, సంవత్సరం ఉన్న మూల మాత్రం ఎప్పుడో విరిగిపోయింది. 1934కి ముందుదన్నమాట మా బడి. మా నాన్న వచ్చి దాని మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు.

మేడం గారు బీరువా తీశారు. మా రిజిస్టర్లు నీలం గుడ్డలో ఉన్నాయి, పేట బడివి విడిగా ఎర్ర గుడ్డలో, కలిపినప్పుడు తెచ్చి పెట్టిన మూట ఇంతవరకూ విప్పలేదు. రెండూ ఒకే బల్ల మీద పెట్టి చదివాం. మా బడిలో మొదటి పేజీలు చెద తినేసింది, మిగిలినవాటిలో మొదటి ఆడపిల్ల కనపడటానికి నలభై పేజీలు తిప్పాల్సొచ్చింది. పేట బడి రిజిస్టర్లో మొదటి పేజీలోనే ఇద్దరు ఆడపిల్లలున్నారండి! ఎవరూ అనుకోలేదు. పేట నుంచి ఒక పెద్దావిడని పిలుచుకొచ్చాం, ఆవిడ పేరు చదివి వినిపిస్తే ఆఖరి గడిలో ఏం రాసుందమ్మా అని అడిగింది, "కూలి పని" అని ఉంది. అవును, అది నిజమే, నాట్లకెళ్ళాను, మాష్టారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు అంది. తవ్వడం ఎందుకన్నాయన కూడా అక్కడే ఉన్నారు, ఆయనే లేచి ఆవిడకి కుర్చీ వేశారు.

బాబు చేరాడు. మొన్న సోమవారం. మేడం గారు నెంబరు వేసి పేరు రాస్తుంటే నాయనమ్మ వేలిముద్ర వేసి, ఆ వేలికి అంటిన ఇంకు చీర కొంగుకి తుడుచుకోకుండా అలాగే పట్టుకుని ఇంటికెళ్ళింది. ఐఈఆర్‌టీ గారు వచ్చి చూశారు, ఇటుకలు, గోనెపట్టా అన్నీ చెప్పినట్టే పెట్టాం. వాడు మా బాబు పక్కనే. ఎక్కాలప్పుడు అందరికన్నా గట్టిగా వాడి గొంతే వినపడుతోంది, కొంచెం వెనకగా వస్తుంది, పిల్లలు వాడి కోసం ఆగి తర్వాతి లైను అందుకుంటున్నారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి.

గోడ మీద ఇది రాయించామండి, రెండున్నర అడుగుల ఎత్తు నుంచి, లేత పసుపు మీద నీలం:

"తాలూకా బోర్డు రోజుల్లో కాలవ ఇవతల ఒక బడి, అవతల పేటలో ఒక బడి. ఇప్పుడు రెండూ కలిసి ఇదే మన బడి. ఇక్కడ అందరం ఒక వరసలో కూర్చుని తింటాం. ఒకరిని ఒకరం పేరుతో పిలుస్తాం. ఎవరైనా వెనకపడితే ఆగుతాం. నీకు ఆరేళ్ళు నిండాయా? లోపలికి రా."

పేరు పక్కన "మెయిన్" అన్నది తీసేయమని కమిటీ రాసి ఎంఈఓ గారికి పంపాం, ఇంకా జవాబు రాలేదు.

ఒక డౌట్ మిగిలింది. వరండా మెట్టు దగ్గర ఉన్న ర్యాంప్ బాగా నిటారుగా ఉంది, పిల్లలు దాని మీద జారుడుబండ ఆడతారు, నాయనమ్మ వీల్ ఛైర్ తొయ్యలేకపోతోంది. పంచాయతీ వాళ్ళు సిమెంటు ఇస్తామన్నారు. ఎంత పొడవు కట్టించాలి? అరుగు ఎత్తు 14 అంగుళాలు, ముందు గేటు దాకా 9 అడుగులే ఉంది.

భవిత టీచరు:

చదువుతుంటే కళ్ళు నిండాయి అక్కా. ర్యాంప్‌కి లెక్క తేలిక, అరుగు ఎన్ని అంగుళాల ఎత్తుంటే అన్ని అడుగుల పొడవు ఉండాలి, ఒకటికి పన్నెండు. మీకు 14 అడుగులు కావాలి. ఎదురుగా జాగా లేదు కాబట్టి నేరుగా కట్టొద్దు, వరండా గోడ పక్కనుంచి కొంత, మూల తిరిగి మిగతాది కట్టించండి, మలుపు దగ్గర ఐదడుగుల చదును వదలాలి, లేకపోతే బండి తిరగదు. వెడల్పు నాలుగడుగులు. నున్నగా పాలిష్ చేయించొద్దు, వానాకాలం జారుతుంది, పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు గీయమనండి. రెండు వైపులా పైపు పట్టుకోడానికి, పిల్లలకి అందే ఎత్తులో ఒకటి, పెద్దవాళ్ళకి ఒకటి.

కాలవగట్టు అమ్మాయి:

స్క్రీన్ షాట్ తీసి మేస్త్రీకి పంపాను. గురువారం వస్తానన్నాడు. వానలు మొదలవక ముందే అయిపోవాలండి.